ఆ ఎర్ర జెర్సీ ఎవరిది?

2000 మే 31న మాంట్రియల్ నగరం ఒక హాకీ ఆటగాడికి అధికార లాంఛనాలతో వీడ్కోలు పలికింది. ముందురోజు భౌతికకాయాన్ని అతని జట్టు ఆడే స్టేడియంలోనే ఉంచితే లక్ష మందికి పైగా బారులు తీరి చూసి వెళ్లారు. నోత్ర్‌దామ్ బసిలికాలో జరిగిన ప్రార్థనలకు కెనడా ప్రధాని జాన్ క్రెటియెన్ వచ్చారు. మన ముఖ్యమంత్రికి సమానమైన హోదా ఉన్న క్యూబెక్ ప్రీమియర్ లూసియెన్ బుషార్ కూడా వచ్చారు. క్యూబెక్ కెనడాలో ఉండాలా, విడిపోవాలా అని 1995లో ప్రజాభిప్రాయం అడిగినప్పుడు వాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడి పోరాడినవాళ్లు. వాళ్లను ఆ రోజు ఒకచోటికి చేర్చిన మనిషి పేరు మోరిస్ రిషార్. తండ్రి రైల్వే వర్క్‌షాపు కార్మికుడు. తనూ కుర్రతనంలో అదే పని చేశాడు. జనం పిలిచే పేరు ‘రాకెట్’.

రిషార్ 18 సీజన్లు ఆడింది ఒకే జట్టుకు, ఎర్ర జెర్సీల మాంట్రియల్ కెనేడియన్స్‌కు. అభిమానుల నోట్లో ఆ జట్టు పేరు ‘హాబ్స్’. ఉత్తర అమెరికా ఐస్ హాకీలో అత్యున్నతమైన స్టాన్లీ కప్పును 24 సార్లు గెలిచింది. ఇంకే జట్టూ దాని దరిదాపులకు రాలేదు. అయితే ఈ కథను కప్పుల లెక్కతో చెబితే అసలు సంగతి జారిపోతుంది. ఫ్రెంచివాళ్లకు టికెట్లు అమ్ముకోవచ్చన్న ఆలోచనతో ఇంగ్లీషు మాట్లాడే వ్యాపారులు పెట్టిన జట్టు ఇది. యజమానులు మారుతూ వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషువాళ్లే. అయినా జట్టు మాత్రం ఫ్రెంచి జనం సొత్తయింది. పత్రాల్లో ఉన్న హక్కుకూ గుండెల్లో ఉన్న హక్కుకూ మధ్య నూరేళ్లకు పైగా నడుస్తున్న పెనుగులాటే ఈ జట్టు చరిత్ర.

మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం. కెనడాలో హాకీ అంటే గడ్డకట్టిన మంచు. చుట్టూ గోడ కట్టిన రింకులో, కాళ్లకు ఇనుప అంచుల స్కేట్లు తొడుక్కుని, గట్టి రబ్బరు బిళ్ల వెంట ఆరుగురు ఒకవైపు, ఆరుగురు మరోవైపు దూసుకుపోతారు. ఆ బిళ్లను పక్ అంటారు. ఆట 20 నిమిషాల చొప్పున 3 భాగాలు. చిన్న తప్పు చేసినవాణ్ని 2 నిమిషాల వరకు బయట కూర్చోబెడతారు, అంతసేపూ అతని జట్టు ఒకడు తక్కువగా ఆడాలి. భుజంతో భుజాన్ని గుద్దడం ఇక్కడ ఆటలో భాగమే.

వెండి గనుల డబ్బు

1909లో పెద్ద క్లబ్బులు కొన్ని కలిసి కొత్త లీగ్ పెట్టుకుని, ఒంటారియోలోని రెన్‌ఫ్రూ అనే చిన్న ఊరి జట్టును లోపలికి రానివ్వలేదు. మాంట్రియల్ వాండరర్స్‌నూ బయటికి నెట్టాయి. రెన్‌ఫ్రూ జట్టు వెనుక ఉన్నది వెండి గనుల కుటుంబానికి వారసుడు ఆంబ్రోస్ ఒబ్రయన్. మీరు రానివ్వకపోతే మేమే పెట్టుకుంటామని ఆయన వాండరర్స్‌తో చేతులు కలిపి మరో లీగ్ పెట్టాడు. కొత్త లీగ్‌కు కూడా మాంట్రియల్ జనం రావాలి కదా! నగరంలో ఎక్కువమంది ఫ్రెంచి మాట్లాడేవాళ్లు, పేరున్న హాకీ జట్లన్నీ ఇంగ్లీషువాళ్లవి. ఫ్రెంచి ఆటగాళ్లతో ఒక జట్టు దింపితే ఆ పోటీ చూడటానికే జనం ఎగబడతారని లెక్క వేశారు. అలా 1909 డిసెంబర్ 4న హాబ్స్ పుట్టింది. ఒబ్రయన్ డబ్బుపెట్టాడు, జాక్ లావియొలెట్ ఆటగాళ్లను పోగుచేశాడు. ఫ్రెంచి ఆటగాళ్లను ముందుగా తీసుకునే హక్కు ఈ జట్టుకే ఇచ్చారు. ఈ చిన్న నిబంధనను గుర్తుపెట్టుకోండి, దీని నీడ చాలా దూరం పరుచుకుంది.

1910 జనవరి 5న జుబిలీ రింకులో తొలి ఆట. వెండి గనుల ఊరు కోబాల్ట్ జట్టు మీద 7-6తో గెలిచారు. తొలి గోల్ ‘న్యూసీ’ లలాండ్‌ది. సీజన్ ముగిసేసరికి మాత్రం జట్టు అట్టడుగున ఉంది. ఆ ఏడాదే జార్జ్ కెనెడీ అనే మల్లయోధుడు, కుస్తీ పోటీల నిర్వాహకుడు జట్టును తీసుకున్నాడు.

షికూటిమీ అనే మారుమూల ఊళ్లో ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడటానికి వెళ్లిన హాబ్స్ ఆటగాళ్లను అక్కడి గోల్‌కీపర్ ఒకడు ఆశ్చర్యపరిచాడు. అతడే జార్జ్ వెజినా. 1910 చివర్లో జట్టులో చేరాడు, ఆ తర్వాత 15 ఏళ్లలో ఒక్క మ్యాచ్ కూడా తప్పిపోలేదు. 1925 నవంబర్ 28న ఒళ్లు కాలే జ్వరంతోనే రింకులోకి దిగి మధ్యలో కుప్పకూలాడు. క్షయ. నాలుగు నెలలకు, 1926 మార్చిలో కన్నుమూశాడు. లీగ్‌లో ఉత్తమ గోల్‌కీపర్‌కు ఇచ్చే బహుమతి ఈనాటికీ వెజినా పేరు మీదే ఉంది.

అంతకుముందే 1916లో హాబ్స్ తొలి స్టాన్లీ కప్పు గెలిచింది. 1917లో ఇప్పటి నేషనల్ హాకీ లీగ్, ఎన్‌హెచ్‌ఎల్, ఏర్పడింది. 1919లో ఫైనల్ కోసం జట్టు రైలెక్కి పసిఫిక్ తీరంలోని సియాటిల్ వెళ్లేసరికి ఊరినిండా స్పానిష్ ఫ్లూ. సిరీస్ సమంగా ఉంది. నిర్ణాయక మ్యాచ్ మొదలవడానికి కొన్ని గంటల ముందు చూస్తే ఆటగాళ్లు ఆస్పత్రి మంచాల మీద ఉన్నారు. కప్పు మీరే తీసుకోండని కెనెడీ అన్నాడు, అలా గెలిచే గెలుపు మాకొద్దని సియాటిల్ జట్టు అంది. ఏప్రిల్ 5న డిఫెన్స్ ఆటగాడు జో హాల్ చనిపోయాడు. ఆ జబ్బు నుంచి పూర్తిగా కోలుకోలేకపోయిన కెనెడీ 1921లో పోయాడు. ఆయన భార్య జట్టును 11,000 డాలర్లకు అమ్మింది. కొన్న ముగ్గురిలో ముఖ్యుడు లియో డాండురాండ్. ఫ్రెంచి కుటుంబాలవాళ్లు జట్టుకు యజమానులుగా ఉన్న అరుదైన కాలం అది.

ఆ కాలపు వీరుడు మాత్రం ఫ్రెంచివాడు కాడు. హోవీ మోరెంజ్ ఒంటారియోలో జర్మన్ మూలాలున్న ఇంట్లో పుట్టాడు. అతని వేగం చూడటానికే జనం వచ్చేవాళ్లు. 1937 జనవరిలో స్కేటు అంచు గోడ చెక్కలో ఇరుక్కుని కాలు విరిగింది, మార్చి 8న ఆస్పత్రిలోనే మరణించాడు. ఫోరమ్ స్టేడియంలో రింకు మధ్యనే అంత్యక్రియలు జరిపారు. లోపల వేలమంది ఉన్నా చడీచప్పుడు లేదని అప్పటివాళ్లు రాశారు. ఫ్రెంచివాడు కాకపోయినా సరే, ఎర్ర జెర్సీ వేసుకుని ప్రాణం పెట్టి ఆడితే ఆ నగరం అతణ్ని తనవాడనే అనుకుంది. ఫ్రెంచి జనం అభిమానాన్ని సంకుచితమని కొట్టిపారేసేవాళ్లు మోరెంజ్ శవయాత్రను మరిచిపోకూడదు.

నిజానికి ఫోరమ్‌ను 1924లో కట్టింది నగరంలోని ఇంగ్లీషువాళ్ల జట్టు మరూన్స్ కోసం. ఒకే ఊళ్లో రెండు భాషలు, రెండు జట్లు. ఆర్థిక మాంద్యం రెండింటినీ పీల్చేసింది. 1938లో మరూన్స్ మూతపడింది. హాబ్స్ కూడా అంచుదాకా వెళ్లి మిగిలింది.

రాకెట్

మోరిస్ రిషార్ 1942లో వచ్చినప్పుడు ఎవరికీ పెద్ద నమ్మకం లేదు. అప్పటికే చీలమండ, మణికట్టు విరిగాయి. తొలి సీజన్లోనే కాలు విరిగింది. పెళుసు ఎముకలవాడన్నారు. మరుసటి ఏడాది కూతురు 9 పౌన్ల బరువుతో పుట్టిందని 9వ నంబరు జెర్సీ అడిగి తీసుకున్నాడు. 1944-45 సీజన్లో 50 మ్యాచుల్లో 50 గోల్స్ కొట్టాడు. అప్పటిదాకా ఒక సీజన్లో 50 కొట్టినవాడు లేడు. ఆ డిసెంబర్ 28న పగలంతా ఇల్లు మారుతూ సామాన్లు మోసి, రాత్రి డెట్రాయిట్ మీద 5 గోల్స్ కొట్టి, మరో 3 కొట్టించాడు. చూసినవాళ్లంతా చెప్పింది అతని కళ్ల గురించే. గోల్ వైపు దూసుకొచ్చేటప్పుడు ఆ కళ్లలో మంట చూసి ఎదుటి గోల్‌కీపర్లు బెదిరిపోయేవాళ్లట.

అప్పటి మాంట్రియల్‌ను ఒకసారి ఊహించుకోవాలి. జనాభాలో ఎక్కువమంది ఫ్రెంచి మాట్లాడతారు. బ్యాంకులు, పెద్ద కంపెనీలు, కర్మాగారాల్లో పై కుర్చీలు మాత్రం ఇంగ్లీషువాళ్లవి. పెద్ద దుకాణంలో తన భాషలో వస్తువు అడిగితే అమ్మే మనిషికి అర్థం కాని సందర్భాలు మామూలే. సొంత నగరంలోనే రెండో మెట్టు మీద నిలబడ్డ జనానికి రిషార్ రూపంలో ఎవరి ముందూ తలవంచని ఒక ఫ్రెంచివాడు దొరికాడు. అతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఉపన్యాసాలు ఇచ్చేవాడు కాదు. ఎదుటివాడు కొడితే తిరిగి కొట్టేవాడు. లీగ్ అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్‌ను నియంత అంటూ 1954లో ఒక ఫ్రెంచి పత్రికలో తన పేరు మీద వచ్చిన శీర్షికలో విమర్శిస్తే, క్షమాపణ చెప్పించి ఆ రాతలే మాన్పించారు.

1955 మార్చి 13. బోస్టన్‌లో మ్యాచ్. హాల్ లేకో అనే ఆటగాడి స్టిక్ తగిలి రిషార్ తల చిట్లింది. రిషార్ స్టిక్‌తో అతని మీద పడ్డాడు, ఆపడానికి పట్టుకున్న లైన్స్‌మన్‌ను కూడా గుద్దాడు. తప్పు చిన్నది కాదు. మూడు రోజుల తర్వాత క్యాంప్‌బెల్ తీర్పు చెప్పాడు: సీజన్లో మిగిలిన మ్యాచులూ, కప్పు తేల్చే ప్లేఆఫ్స్ మొత్తం ఆడకూడదు. ఆ ఏడాది లీగ్‌లో అత్యధిక పాయింట్ల (కొట్టిన, కొట్టించిన గోల్స్ మొత్తం) కిరీటం మొదటిసారి రిషార్‌కు అందబోతోంది, జట్టు కప్పు వేటలో ఉంది. ఆ సమయంలో వచ్చిన తీర్పు ఫ్రెంచి జనానికి శిక్షలా కాక అవమానంలా తగిలింది.

మార్చి 17 రాత్రి ఫోరమ్‌లో డెట్రాయిట్‌తో ఆట. రావొద్దని ఎందరు చెప్పినా క్యాంప్‌బెల్ వచ్చి తన మామూలు సీట్లో కూర్చున్నాడు. టమాటాలు, గుడ్లు మీద పడ్డాయి. చెయ్యి కలపడానికన్నట్టు వచ్చిన ఒకడు కొట్టాడు. మొదటి విరామంలో బాష్పవాయువు గోళం పేలింది. జనం దగ్గుతూ, తోసుకుంటూ బయటికి పరుగెత్తారు. 4-1తో ముందున్న డెట్రాయిట్‌కు మ్యాచ్ ఇచ్చేశారు. బయట సెయింట్ కేథరీన్ వీధి పొడవునా అద్దాలు పగిలాయి, దుకాణాలు లూటీ అయ్యాయి. అల్లర్లు అర్ధరాత్రి దాటేదాకా ఆగలేదు.

మర్నాడు రిషార్ రేడియోలో మాట్లాడాడు, ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ. శిక్షను ఒప్పుకుంటున్నానని, శాంతంగా ఉండమని, వచ్చే ఏడాది తిరిగొచ్చి కప్పు గెలుద్దామని చెప్పాడు. నగరం విన్నది. ఆ మాట కోసమే ఆగినట్టు అంతా సద్దుమణిగింది. పాయింట్ల కిరీటం సాటి ఆటగాడు ‘బూమ్ బూమ్’ జెఫ్రియాన్‌కు దక్కింది, 75కు 74. రిషార్‌ను దాటినందుకు సొంత అభిమానులే అతణ్ని వెక్కిరించారు. పాపం, అతనూ ఫ్రెంచివాడే, జట్టు కోసం గోల్ కొట్టడమే అతని నేరం. రిషార్ ఆ కిరీటాన్ని జీవితంలో గెలవలేదు.

1960ల్లో క్యూబెక్‌లో వచ్చిన పెద్ద మార్పును ‘ప్రశాంత విప్లవం’ అంటారు. చదువు మతసంస్థల చేతుల్లోంచి ప్రభుత్వానికి వచ్చింది, విద్యుత్ సంస్థలు జాతీయమయ్యాయి, ఫ్రెంచికి పనిచోట్ల పట్టు దొరికింది. దానికి తొలి నిప్పురవ్వ ఆ మార్చి రాత్రే అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు అది కాస్త అతిగానే అనిపిస్తుంది. సంఘాలు, రచయితలు, పత్రికలు ఏళ్ల తరబడి చేసిన పనిని ఒక్క హాకీ మ్యాచ్‌కు కట్టబెట్టడం న్యాయం కాదు. కానీ తమ కోపం తమ ఒక్కరిదే కాదని, పక్కనున్న వేలమందిదీ అని జనానికి మొదటిసారి కళ్లముందు కనబడింది ఆ రాత్రే. ‘ల దెవ్వార్’ పత్రికలో ఆంద్రె లొరాండో లాంటి సంపాదకుడు వారం తిరక్కుండానే ఆ సంగతి పట్టుకుని రాశాడు.

కప్పులు ఇంటికి నడిచొచ్చిన రోజులు

రిషార్ మాట నిలబెట్టుకున్నాడు. 1956 నుంచి 1960 దాకా వరసగా 5 కప్పులు. ఆ వరసను ఇప్పటివరకూ ఎవరూ అందుకోలేదు. కోచ్ టో బ్లేక్ ఒకప్పుడు రిషార్ పక్కనే ఆడినవాడు. మధ్యలో జాన్ బెలివో, పొడగరి, మర్యాదస్తుడు. క్యూబెక్ నగరం వదిలి రానంటే, అతని కోసం అతను ఆడే లీగ్‌నే హాబ్స్ యాజమాన్యం కొనేసింది. 1955 నవంబర్‌లో బోస్టన్ మీద, ఎదుటి జట్టు మనుషులు శిక్షలో కూర్చుని ఉండగా, అతను 44 సెకన్లలో 3 గోల్స్ కొట్టాడు. తప్పు చేసినవాడు అప్పట్లో 2 నిమిషాలూ పూర్తిగా బయటే ఉండాలి. వీళ్ల ధాటికి తట్టుకోలేక లీగ్ మరుసటి ఏడాది నిబంధననే మార్చింది, ఒక గోల్ పడగానే అతను తిరిగి రావచ్చని. ఆ నిబంధన ఇప్పటికీ ఉంది. బెలివోను 1994లో కెనడా గవర్నర్ జనరల్ పదవికి అడిగారు. కుటుంబానికి తన అవసరం ఉందని వద్దన్నాడు.

గోల్ ముందు జాక్ ప్లాంట్. 11 మంది పిల్లల్లో పెద్దవాడు, తన ఉన్ని టోపీలు తనే అల్లుకునేవాడు. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో పక్ వచ్చి ముఖం చీల్చింది. కుట్లు వేయించుకుని, ముసుగు లేకుండా మళ్లీ దిగనన్నాడు. ముసుగు వేసుకుంటే పిరికివాడంటారని, చూపు ఆనదని బ్లేక్‌కు అది ఇష్టం లేదు. కానీ ఆ రోజుల్లో రెండో గోల్‌కీపర్ ఉండేవాడు కాదు. ప్లాంట్ ముసుగుతోనే ఆడి గెలిచాడు. ఇవాళ ముసుగు లేని గోల్‌కీపర్‌ను ఊహించలేం.

తర్వాత 1965 నుంచి 1979 మధ్య మరో 10 కప్పులు. శామ్ పొలక్ అనే మేనేజర్ ఎత్తులు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. థర్సో అనే చిన్న ఊరి కుర్రాడు గీ లాఫ్లర్ 1971లో డ్రాఫ్ట్‌కు (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి, తొలి వంతు అట్టడుగు జట్టుది) వస్తాడని తెలిసి, అట్టడుగున నిలిచేలా ఉన్న కాలిఫోర్నియా జట్టు నుంచి తొలి ఎంపిక హక్కును ఏడాది ముందే సంపాదించాడు. తీరా లాస్ ఏంజిలిస్ జట్టు ఇంకా దిగజారుతుంటే, దాన్ని పైకి లేపడానికి తన ఆటగాడు రాల్ఫ్ బాక్‌స్ట్రామ్‌నే అక్కడికి పంపాడని చెబుతారు. లాఫ్లర్ వచ్చాడు. 1976-77లో స్కాటీ బౌమన్ కోచ్‌గా జట్టు 80 మ్యాచుల్లో 60 గెలిచి 8 మాత్రమే ఓడింది. ఆ ఎనిమిదే వార్తలయ్యాయి.

1993 కప్పు వేరే రకం. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో అదనపు సమయానికి వెళ్లిన మ్యాచుల్లో మొదటిది ఓడి, తర్వాత వరసగా 10 గెలిచారు. గోల్ ముందు పాట్రిక్ ర్వా. ఫైనల్లో లాస్ ఏంజిలిస్ ఆధిక్యంలో ఉండగా, చివరి నిమిషాల్లో ఎదుటి ఆటగాడి స్టిక్ వంపు కొలవమని కోచ్ జాక్ డెమేర్ అడిగాడు. అది నిబంధనకు మించి వంగి ఉంది. ఆ శిక్షా సమయంలో గోల్ పడింది, ఆ రాత్రి నుంచి సిరీస్ తిరిగిపోయింది. ఆ డెమేర్‌కు చదవడం, రాయడం రాదన్న సంగతి పన్నెండేళ్ల తర్వాత, 2005లో ఆయన జీవితకథ వెలువడినప్పుడు లోకానికి తెలిసింది. తర్వాత ఆయన కెనడా సెనెటర్ అయ్యారు.

రెండేళ్లకే ర్వాను పోగొట్టుకున్నారు. 1995 డిసెంబర్ 2న డెట్రాయిట్ చేతిలో 11-1. తొమ్మిది గోల్స్ పడేదాకా కోచ్ అతణ్ని బయటికి పిలవలేదు. బయటికొచ్చిన ర్వా నేరుగా వెనక కూర్చున్న జట్టు అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి ఇదే నా ఆఖరి ఆట అన్నాడు. నాలుగు రోజుల్లో కొలరాడోకు పంపేశారు. ఆ సీజన్లోనే అక్కడ కప్పు గెలిచాడు. 1996 మార్చిలో ఫోరమ్ మూసేసినప్పుడు రిషార్ రింకు మీదికి వస్తే చప్పట్లు నిమిషాల తరబడి ఆగలేదు. ఆ మంటకళ్ల మనిషి ఏడ్చాడు.

తలుపు మూసుకున్న చోట

పుట్టుకలో ఇచ్చిన ఆ నిబంధన దగ్గరికి తిరిగి రావాలి. ఫ్రెంచి ఆటగాళ్ల మీద ముందు హక్కు రకరకాల రూపాల్లో సాగి, డ్రాఫ్ట్ వచ్చాక ఏడాదికి ఇద్దరికి కుదించుకుని, 1969తో ముగిసింది. ఆ తర్వాత క్యూబెక్ కుర్రాణ్ని ఏ జట్టయినా తీసుకుపోవచ్చు. న్యాయం ప్రకారం అది సరైనదే. ఫలితం మాత్రం కష్టంగా ఉంది. 1980లో తొలి ఎంపిక హాబ్స్ చేతిలోనే ఉంది. సొంత నగరం కుర్రాడు డెనీ సవార్‌ను వదిలి డగ్ వికెన్‌హైజర్‌ను తీసుకున్నారు. సవార్ షికాగోలో గొప్ప ఆటగాడయ్యాడు. 1984లో మరో మాంట్రియల్ కుర్రాడు మారియో లెమ్యూ పిట్స్‌బర్గ్ వెళ్లాడు.

యాజమాన్యం సంగతి చూస్తే, బీరు వ్యాపారంలో తరతరాలుగా ఉన్న ఇంగ్లీషు కుటుంబం మోల్సన్ వాళ్లది. 2001లో వాళ్ల కంపెనీ నుంచి అమెరికన్ వ్యాపారి జార్జ్ జిలెట్‌కు వెళ్లిన జట్టు 2009లో మళ్లీ ఆ కుటుంబానికే వచ్చింది. 2011 డిసెంబర్‌లో ఫ్రెంచి రాని రాండీ కన్నీవర్త్‌ను తాత్కాలిక కోచ్‌గా పెట్టేసరికి స్టేడియం బయట నిరసనలు జరిగాయి. భాషకూ ఆటకూ ఏమిటి సంబంధం అని దూరం నుంచి అడగడం తేలిక. రోజూ రాత్రి టీవీ ముందు తమ జట్టు ఎందుకు ఓడిందో తమ భాషలో వినాలనుకోవడం అత్యాశ కాదని నేనంటాను.

2021 మే 10న ఎడ్మంటన్‌తో ఆడిన మ్యాచ్‌లో, జట్టు చరిత్రలోనే మొదటిసారి, క్యూబెక్‌లో పుట్టినవాడు ఒక్కడూ లేడు. గాయాలూ, ఇతర కారణాలూ కలిసొచ్చి అలా జరిగింది. అయినా పత్రికలకు అది పతాక శీర్షిక. సరిగ్గా నెలన్నరకు, జూన్ 24న, క్యూబెక్ జాతీయ పండుగ రోజున, అదే జట్టు అదనపు సమయంలో వేగస్‌ను ఓడించి 28 ఏళ్ల తర్వాత ఫైనల్ చేరింది. గెలుపు గోల్ కొట్టింది ఫిన్లాండ్‌వాడు అర్తూరి లెకొనెన్. నగరం వీధుల్లోకి వచ్చి రాత్రంతా పాడింది. ఫైనల్లో ఓడిపోయారు. 1993 తర్వాత 2025 వరకు మరో కప్పు రాలేదు.

2021 నవంబర్‌లో క్యూబెక్ ప్రీమియర్ ఫ్రాన్స్వా లెగో రాష్ట్రంలో హాకీ ఎందుకు వెనకబడిందో తేల్చడానికి ఒక సంఘాన్ని వేశారు. 2022 ఫిబ్రవరిలో జట్టు పగ్గాలు లావాల్‌లో పుట్టిన మార్టిన్ సాన్ లూయీకి వచ్చాయి. పొట్టివాడని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోతే వేరే జట్లలో ఆడి లీగ్‌లో ఉత్తముడిగా ఎదిగిన మనిషి. 2024 ఏప్రిల్ 20న హాబ్స్ స్టేడియంలోనే మాంట్రియల్, టొరంటో మహిళా జట్లు ఆడితే 21,105 మంది వచ్చారు. మహిళల ఐస్ హాకీలో అప్పటికి అది రికార్డు. ఆ రాత్రి మాంట్రియల్ జట్టుకు కెప్టెన్ క్యూబెక్ అమ్మాయి మారీ ఫిలిప్ పూలాన్.